నల్ల బండికి సిరామిక్ కోటింగా, పీపీఎఫ్ఫా? డెలివరీకి వారమే ఉంది

మియాపూర్_ఖమ్మం

అందరికీ నమస్కారం. వచ్చే గురువారం మా కొత్త బండి డెలివరీ. నలుపు రంగు ఎస్‌యూవీ. మా ఇంట్లో ఇదే మొదటి కారు, అందుకని ప్రతి చిన్న విషయానికీ టెన్షన్ పడుతున్నాను. షోరూంలో ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు ఇంకో కాగితం ముందు పెట్టారు, అందులో సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే రసాయన పొర) 32 వేలు, మూడేళ్ల వారంటీ అని ఉంది. చేయించకపోతే ఆర్నెల్లలో మెరుపు పోతుందట, నలుపు కాబట్టి ఇంకా తొందరగా పోతుందట. బయట కనుక్కుంటే ఒకాయన సిరామిక్ 18 వేలన్నాడు. ఇంకొకాయన సిరామిక్ దండగ, పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక రక్షణ ఫిల్మ్) వేయించండి, బండి మొత్తానికి లక్షా 10 వేలు అన్నాడు. మూడో ఆయన అదే పీపీఎఫ్ 55 వేలకే వేస్తానన్నాడు. ఒకే పేరున్న పనికి ఇంత తేడా ఏంటో అర్థం కావడం లేదు.

నా వాడకం ఇదీ: రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, నెలకు రెండుసార్లు సూర్యాపేట మీదుగా ఖమ్మం. ఇంటి దగ్గర స్టిల్ట్ పార్కింగ్ ఉంది కానీ ఆఫీసులో ఎండలోనే పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, పొద్దున్నే ఒకతను వచ్చి అందరి కార్లూ తుడిచి వెళ్తాడు. కనీసం పదేళ్లు ఉంచుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

విజయవాడ_పాలిష్

ముందే చెప్పేస్తున్నాను, నాది విజయవాడలో చిన్న డీటెయిలింగ్ షాపు, అంటే బండ్లకు పాలిష్, కోటింగ్, ఫిల్మ్ పనులు చేస్తాను. ఈ రెండు పనుల మీదే బతుకుతున్నాను, నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి.

పెయింట్ ఎంత పల్చనో తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. ఈ నాలుగూ కలిపినా కొత్త బండి మీద సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే మొత్తం పెయింట్ మహా అయితే రెండు వెంట్రుకలంత. మెరుపంతా పైనున్న క్లియర్ కోట్‌దే, అదేమో 40 మైక్రాన్ల చుట్టుపక్కల.

సిరామిక్ కోటింగ్ దాని మీద ఒకటి, మహా అయితే రెండు మైక్రాన్లు ఉంటుంది. పీపీఎఫ్ అనేది 150 నుంచి 200 మైక్రాన్ల ప్లాస్టిక్ ఫిల్మ్, అంటే మొత్తం పెయింట్ కంటే మందం. ఇప్పుడు లారీ టైరు కింద నుంచి లేచిన కంకర రాయి వచ్చి తగిలితే ఏది ఆపుతుందో మీరే చెప్పండి. రాయికి, పార్కింగ్‌లో పక్కవాళ్ల డోరు గీరుకున్నదానికి ఫిల్మే దిక్కు. కోటింగ్ పని వేరు: నీళ్లు, దుమ్ము అంటుకోకుండా జారిపోవడం, ఎండకు పెయింట్ వెలిసిపోకుండా కొంత కాపాడటం, కడగడం తేలిక కావడం. మీరు నెలకు రెండుసార్లు ఎన్‌హెచ్ 65 మీద తిరుగుతారు కాబట్టి ముందు భాగానికి ఫిల్మ్ గురించి ఆలోచించండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. షోరూం వాళ్లకు ఈరోజే ఫోన్ చేసి డెలివరీకి ముందు బండి కడగొద్దు, పాలిష్ చేయొద్దు, దుమ్ముతోనే ఇవ్వండి అని చెప్పండి. వీలైతే రాసి ఇవ్వండి. యార్డులో నెలల దుమ్ము పట్టిన బండిని ఒకే గుడ్డతో హడావుడిగా తుడిచి ఇస్తే నలుపు మీద సాలెగూడు గీతలు మొదటి రోజే పడతాయి. ఇంకా 50 కిలోమీటర్లు కూడా తిరగని బండ్లు నా షాపుకి ఆ గీతలతోనే వస్తుంటాయి, చూస్తే బాధగా ఉంటుంది.

ఎల్బీనగర్_క్యాబ్

తమ్ముడూ, నేను నాలుగేళ్లుగా క్యాబ్ నడుపుతున్నా, 1 లక్షా 60 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కోటింగూ లేదు. ఇవాళ్టికీ ఎక్కినవాళ్లు కొత్త బండా అని అడుగుతారు. బండిని పాడుచేసేది ఎండ కాదు, వాన కాదు, పొద్దున్నే తుడిచే ఆ గుడ్డ. మీ అపార్ట్‌మెంట్‌లో తుడిచే అతను ఒకే బకెట్ నీళ్లతో పది కార్లు తుడుస్తాడు. మొదటి కారు ఇసుక రెండో కారుకి, రెండో కారుది మూడో కారుకి. నువ్వు లక్ష పెట్టి ఏం వేయించినా ఆ గుడ్డ ఆగదు.

నేను చేసేది ఇదీ. ఇంజన్, బోనెట్ చల్లబడ్డాకే మొదలుపెడతా. నీడలోనే. ముందు గుడ్డ తగలకుండా పైనుంచి కిందికి నీళ్లు కొట్టి ఇసుకంతా దించేస్తా. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. గుడ్డ ఒక డోరు తుడవగానే మామూలు నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచుతా. చక్రాలకు వేరే గుడ్డ, అది బాడీకి ఎప్పుడూ తగలనివ్వను. చివర్లో మైక్రోఫైబర్ గుడ్డతో అద్దినట్టు తుడిచేస్తా. రెండు నెలలకోసారి 600 రూపాయల మైనం డబ్బా. ఇంతే.

గిన్నెలు తోమే సబ్బు మాత్రం వాడొద్దు. జిడ్డుతో పాటు పైనున్న మైనాన్నీ పట్టుకుపోతుంది.

మియాపూర్_ఖమ్మం

అన్నా, మీరిద్దరూ చెప్పింది చదివి ఇప్పుడే షోరూంకి ఫోన్ చేశాను. కడగకుండా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఎందుకని మూడుసార్లు అడిగారు. క్యాబ్ అన్నా, తుడిచే అతని సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు, థాంక్స్.

ఒక డౌట్. షోరూం కాగితంలో 9హెచ్ కాఠిన్యం, వజ్రంతో సమానం, గీతలు పడవు అని ఉంది. ఒక వీడియోలో బోనెట్ మీద లైటర్‌తో కాల్చి చూపించారు, ఏమీ కాలేదు. మరి గీతలు పడవన్నది నిజమేనా?

వరంగల్_కెమిస్ట్రీ

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ 9హెచ్ మాట విన్నప్పుడల్లా మనసు ఊరుకోదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

9హెచ్ అనేది పెన్సిల్ కొలత. డ్రాయింగ్ పెన్సిళ్ల మీద 6బీ, హెచ్‌బీ, 2హెచ్ అని ఉంటుంది చూడండి, అదే. ఆ వరుసలో 9హెచ్ గట్టి పెన్సిల్. దానితో గీసినా పొర మీద గీత పడకపోతే 9హెచ్ అంటారు. పెయింట్ పరిశ్రమలో ఎప్పటి నుంచో ఉన్న పరీక్షే, తప్పేం లేదు. తప్పు ఎక్కడంటే, దాన్ని ఖనిజాల కాఠిన్యం కొలిచే మోస్ స్కేలుతో కలిపేసి చెప్పడం. మోస్ స్కేలు మీద వజ్రం 10, కెంపు, నీలం 9. మన రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక, అంటే క్వార్ట్జ్, 7. గట్టి పెన్సిల్ గీయలేని పొరను ఇసుక రేణువు హాయిగా గీసేస్తుంది. కాబట్టి గీతలు పడవు అన్నది నిజం కాదు. చాలా తేలికపాటివి కాస్త తగ్గవచ్చు, అంతే.

అలాగని కోటింగ్ మోసం కాదు. అందులో ఉండేది సిలికా కుటుంబానికి చెందిన రసాయనం. గాలిలో తేమ తగలగానే గట్టిపడి క్లియర్ కోట్‌ను పట్టుకుంటుంది, మైనంలా నాలుగు వానలకు పోదు. దాని మీద నీరు పరుచుకోకుండా తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడుతుంది, బండి కదిలితే జారిపోతూ దుమ్మును కూడా పట్టుకుపోతుంది. పిట్టల రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండలో వేడెక్కిన పెయింట్ మీద అది పడితే క్లియర్ కోట్‌లో దిగి గుంట చేస్తుంది. కోటింగ్ ఉంటే మీకు కొన్ని గంటల సమయం దొరుకుతుంది, శాశ్వత రక్షణ మాత్రం కాదు.

ఇక మీ బోరు నీళ్లు. కోటింగ్ వేయిస్తే నీటి మరకలు పడవని చాలామంది అనుకుంటారు. ఎండలో ఆరనిస్తే జరిగేది దానికి రివర్స్. బొట్టు గుండ్రంగా నిలబడి అక్కడికక్కడే ఆవిరైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం అంతా ఒక్కచోట తెల్లటి రింగులా పేరుకుంటుంది. నలుపు మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. కడిగిన వెంటనే తుడిచేయాలి, అది ఒక్కటే మార్గం. పడిపోయిన మరక కొత్తదైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో, గుడ్డతో అర నిమిషం అద్ది కడిగేయండి.

లైటర్ వీడియో గురించి: ఒకటి రెండు సెకన్ల మంటకు కోటింగ్ లేని పెయింట్ కూడా సాధారణంగా కాలదు. కింద రేకు వేడిని లాగేస్తుంది.

నెల్లూరు_వైట్

55 వేల పీపీఎఫ్ గురించి అడిగారు కదా, నా బండి సంగతి చెబుతాను. 2021లో తెల్ల హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఒక షాపులో 40 వేలకు బండి మొత్తం ఫిల్మ్, ఐదేళ్ల వారంటీ అన్నారు. షాపు పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ ఆ షాపే లేదు. మొదటి ఏడాది అద్దంలా ఉంది. రెండో వేసవికి అంచులు పసుపు తిరిగాయి, తర్వాత బోనెట్ మొత్తం పాత వివాహ పత్రికలా అయింది. తెల్ల బండి కదా, దూరం నుంచే తెలిసేది. మూడో ఏడాది డోరు అంచుల దగ్గర లేచిపోయి కింద మట్టి చేరింది.

తీయించడానికి ఇంకో షాపుకి 9 వేలు ఇచ్చాను. ఫిల్మ్ ముక్కలు ముక్కలుగా విరిగింది, జిగురు మిగిలిపోయింది, రెండు రోజులు పట్టింది. ఎడమ ఫెండర్‌కి అంతకుముందు చిన్న యాక్సిడెంట్ తర్వాత మళ్లీ పెయింట్ వేయించి ఉంది, అక్కడ ఫిల్మ్‌తో పాటు పెయింట్ కూడా ఊడి వచ్చింది. పైగా బోనెట్ అంచు వెంబడి బ్లేడు గీత కనిపించింది, ఫిల్మ్‌ను బండి మీదే పెట్టి కోశారన్నమాట. పెయింట్‌ను కాపాడుకుందామని డబ్బు ఇచ్చి పెయింట్‌కే గాటు పెట్టించుకున్నాను. మీకు అలా కాకూడదని రాస్తున్నాను.

విజయవాడ_పాలిష్

నెల్లూరు గారు రాసింది అక్షరాలా జరుగుతున్నదే. ధరల తేడాకి కారణం కూడా అందులోనే ఉంది.

చవక ఫిల్మ్ పీవీసీ. దాన్నే మెత్తబరిచి టీపీహెచ్ అని కూడా అమ్ముతున్నారు. మెత్తదనం కోసం అందులో కలిపిన రసాయనం మన ఎండలకు ఆరిపోతుంది, ఆరితే పసుపు, తర్వాత పెళుసు. ఖరీదైనది టీపీయూ. అది రబ్బరులా సాగుతుంది, మంచి రకం అయితే ఏళ్ల తరబడి పారదర్శకంగా ఉంటుంది, పైపొర మీద సన్న గీతలు పడితే ఎండకో వేడినీళ్లకో వాటంతట అవే మానిపోతాయి. లోతుగా కోసుకుపోయినది మానదు, అది కూడా ముందే తెలుసుకోండి.

షాపుకి వెళ్లినప్పుడు ఇవి అడగండి. ఫిల్మ్ టీపీయూనా అని నోటితో కాదు, బిల్లు మీద రాయమనండి. రోలు పెట్టె మీ కళ్ల ముందు తెరవమనండి. దాని మీద సీరియల్ నంబర్ ఉంటుంది, ఆ నంబర్‌తో వారంటీ కంపెనీ వెబ్‌సైటులో మీ బండి నంబర్ మీద నమోదు కావాలి. షాపు వాళ్లు ప్రింటు తీసి ఇచ్చే వారంటీ కార్డు షాపు ఉన్నంతవరకే. జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే వద్దనండి, రేపు క్లెయిమ్‌కి అదే ఆధారం.

కటింగ్ ఎలా చేస్తారో అడగండి. కంప్యూటర్‌లో మీ మోడల్ కొలతలు పెట్టి ప్లాటర్ అనే కోత యంత్రం మీద కోసి తెస్తే బ్లేడు బండిని తాకదు. చేత్తో కోసే నిపుణులు కూడా ఉన్నారు, వాళ్ల పనిలో అంచులు లోపలికి మడిచి బ్రహ్మాండంగా వస్తాయి, కానీ చెయ్యి ఎంత తేలికో తెలియని కొత్తవాడి చేతిలో బ్లేడు పెట్టలేం కదా. వాళ్లు ఆరు నెలల క్రితం చేసిన బండి ఒకటి చూపించమనండి. నిన్న చేసింది కాదు. కొత్తగా వేసింది ఎవరిదైనా బాగానే ఉంటుంది.

వేశాక మొదటి రెండు వారాలు లోపల చిన్న నీటి బుడగలు కనిపిస్తే భయపడొద్దు, అవి ఆరిపోతాయి. గట్టిగా గాలి బుడగలు, లోపల దుమ్ము రేణువులు ఉంటే మాత్రం వెంటనే చూపించండి. వారం రోజులు కడగొద్దు.

రెండూ చేయించాలనుకుంటే వరుస తప్పొద్దు. ముందు ఫిల్మ్, దాని మీద సిరామిక్. ముందు సిరామిక్ వేసేస్తే దాని మీద ఫిల్మ్ సరిగ్గా అంటదు. అందుకే షోరూం 32 వేల కోటింగ్‌కి తొందరపడి ఒప్పుకోవద్దని నా మనవి.

విశాఖ_పాతూరు

మా ఊరి సమస్య వేరే. మాది వన్ టౌన్ వైపు. పోర్టు నుంచి వచ్చే నల్లపొడి, ఇనుప ఖనిజం పొడి బాల్కనీల్లో, బట్టల మీద, బండి మీద. పైగా సముద్రపు ఉప్పుగాలి. తెల్ల బండి బోనెట్ మీద సన్న సన్న నారింజ చుక్కలు కనిపిస్తే తుప్పు పట్టిందని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాను. రేకు తుప్పు కాదట, గాలిలో వచ్చి క్లియర్ కోట్‌లో దిగబడిన ఇనుప రేణువులు తుప్పు పడుతున్నాయట. ఐరన్ రిమూవర్ అనే ద్రవం కొట్టి చూపించారు, బండంతా ఊదారంగు కన్నీళ్లు కారింది, వాసన మాత్రం కుళ్లిన గుడ్డే. తర్వాత క్లే బార్ అనే జిగురు మట్టితో రుద్దారు. అరచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడిమితే గరగర తెలుస్తుంది, చేశాక గాజులా ఉంది.

ఇది రాయడానికి కారణం, ఈ శుభ్రం చేయకుండా పైన కోటింగో ఫిల్మో వేసేస్తే ఆ ఇనుము లోపలే ఉండిపోతుంది. మీది కొత్త బండే అయినా రైల్లోనో కంటైనర్ లారీలోనో ఎండావానా తిని వచ్చింది. కోటింగ్ వేయబోయే ముందు ఇవి చేస్తారా అని తప్పకుండా అడగండి. నాకు సిరామిక్ వేయించి రెండేళ్లయింది, ఆ పొడి ఇప్పుడు నీళ్లు కొడితేనే సగం దిగిపోతోంది. మా ఊళ్లో దానికి పెట్టిన 20 వేలు సార్థకమే అనిపిస్తుంది.

పొన్నూరు_రోడ్

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. కొత్త బండి అనగానే గుడికి తీసుకెళ్తారు కదా! మా తెల్ల బండికి ఫిల్మ్ వేయించిన మూడో రోజే అన్నవరం తొలిపావంచా దగ్గర పూజ చేయించాం. బోనెట్ మీద తడి పసుపుతో స్వస్తిక్, మధ్యలో కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ, దాన్ని ఇనుప తీగతో కట్టారు. గుంటూరు చేరేదాకా అలాగే ఉంచాం. మర్నాడు కడిగితే పసుపు చార, కుంకుమ గులాబీ మచ్చ రెండూ ఫిల్మ్‌లోకి దిగాయి, తీగ గీరిన చోట చిన్న గాటు. నాకు ఏడుపొక్కటే తక్కువ. విచిత్రంగా పసుపు చార రెండు వారాల ఎండకు దానంతట అదే పోయింది. కుంకుమ మచ్చ నేటికీ లీలగా ఉంది.

పూజ మానమని కాదు. స్వస్తిక్ ముందు అద్దం మీద పెట్టించండి, నంబర్ ప్లేటుకి బొట్టు పెట్టించండి. దండ దారంతో కట్టించండి. పంతులుగారికి ముందే మర్యాదగా చెబితే వాళ్లేం కాదనరు.

వరంగల్_కెమిస్ట్రీ

మేడం, పసుపు పోవడం విచిత్రం కాదు. పసుపులోని కర్కుమిన్ ఎండకు విరిగిపోతుంది, అందుకే చీర మీద పసుపు మరకను కూడా ఎండలో ఆరేస్తారు. బజారు కుంకుమలో కలిపే రంగులు వేరు, అవి అంత తేలిగ్గా పోవు. ఫిల్మ్ పైపొర ప్లాస్టిక్ కాబట్టి రంగును పీల్చుకుంటుంది. దాని మీద సిరామిక్ ఉండి ఉంటే మచ్చ ఇంత లోతుకు దిగేది కాదు.

రాజమండ్రి_మ్యాట్

బైకుల వాళ్ల తరఫున ఒక్క ముక్క. మ్యాట్ ఫినిష్ ట్యాంకు ఉన్నవాళ్లు పొరపాటున కూడా పాలిష్, మామూలు మైనం పెట్టకండి, అక్కడక్కడ మెరుపు మచ్చలు వచ్చేస్తాయి, మళ్లీ పోవు. నేను ట్యాంకుకి మ్యాట్ పీపీఎఫ్ మాత్రం వేయించాను, 3,500 అయింది. జీన్స్ జిప్పు, బెల్టు బకిల్ రాసుకునే చోటే గీతలన్నీ పడేవి, ఇప్పుడు లేవు.

డల్లాస్_బందరు

మాది బందరు, ప్రస్తుతం డల్లాస్. ఇక్కడ ముందు భాగానికి ఫిల్మ్ వేయించడానికి నాకు 2 వేల డాలర్ల పైనే అయింది, ఫ్రీవేల మీద కంకరకు అది బాగా పనికొచ్చింది. పోయిన ఏడాది వసంతంలో నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. ఫిల్మ్ చెక్కుచెదరలేదు, కింద రేకు మాత్రం నొక్కుకుపోయింది! ఫిల్మ్ పెయింట్‌ని కాపాడుతుంది, రేకుని కాదు. ఆ రేకు పని ఇన్సూరెన్స్‌లో వచ్చింది, ఆ పని కోసం తీసేసిన ఫిల్మ్ ఖర్చు మాత్రం ముందుగా పాలసీలో చెప్పి ఉండకపోతే ఇవ్వమన్నారు. అక్కడ కూడా మీ ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడిగి యాక్సెసరీగా రాయించుకోండి.

నెల్లూరు_వైట్

ఇంకోటి మర్చిపోయాను. కలర్ పీపీఎఫ్ వేయిస్తే బండి రంగు మారినట్టే, ఆర్టీఏలో చెప్పి ఆర్‌సీలో మార్పించుకోవాలి. పారదర్శకమైనదానికి ఆ గొడవ లేదు.

మియాపూర్_ఖమ్మం (పన్నెండు రోజుల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. బండి వచ్చింది. దుమ్ముతోనే ఇచ్చారు, నాన్నగారు మొదట కొత్త బండి ఇలా ఇస్తారా అని నొచ్చుకున్నారు, విషయం చెప్పాక షోరూం నుంచి షాపు దాకా తనే కూర్చుని వచ్చారు.

షోరూం కోటింగ్ వద్దన్నాను. మొత్తం ఫిల్మ్‌కి లక్ష దాటి పెట్టే స్థోమత ఇప్పుడు లేదు. అందుకని బోనెట్, ముందు బంపర్, రెండు ఫెండర్లు, సైడ్ అద్దాల వెనక వైపు, హెడ్‌లైట్లు, డోరు హ్యాండిళ్ల కింద గోళ్లు తగిలే గుంటలు, డిక్కీ దగ్గర సామాను ఈడ్చే అంచు, వీటికి టీపీయూ ఫిల్మ్. 41 వేలు అయింది. మిగతా బండికి, ఫిల్మ్ పైన కూడా సిరామిక్, 17 వేలు. ముందు మీటర్ పెట్టి పెయింట్ మందం కొలిచారు, అన్నిచోట్లా 105 నుంచి 125 మైక్రాన్ల మధ్య వచ్చింది, అంటే ఎక్కడా మళ్లీ పెయింట్ వేయలేదన్నమాట. ఐరన్ రిమూవర్ కొడితే కొత్త బండి మీద కూడా డిక్కీ వైపు ఊదారంగు కారింది, విశాఖ గారు మీరే గుర్తొచ్చారు. రోలు నా ముందే తెరిచారు, సీరియల్ నంబర్ నమోదు అయింది. నాలుగు రోజులు బండి అక్కడే ఉంది.

పెద్దమ్మ గుడిలో పూజ చేయించాం. స్వస్తిక్ అద్దం మీదే. పొన్నూరు మేడంకి మా అమ్మ థాంక్స్ చెప్పమంది.

తుడిచే అతనితో కూర్చుని మాట్లాడాను. ఆయన పేద మనిషి, పది కార్లు తుడిస్తేనే ఇల్లు గడుస్తుంది, మాన్పించడం నాకిష్టం లేదు. నెలకు 600 ఇచ్చేది 900 చేశాను. ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు మా స్టిల్ట్‌లో పెట్టాను. రోజూ తుడవొద్దు, వారానికి రెండుసార్లు నీళ్లు కొట్టి కడిగితే చాలని చెప్పాను. క్యాబ్ అన్న రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఇసుక గురించి తనకెవరూ ఎప్పుడూ చెప్పలేదన్నాడు.

ఎల్బీనగర్_క్యాబ్

ఇది చాలా మంచి పని చేశావు తమ్ముడూ. గుడ్డలు ఉతికేటప్పుడు మిగతా బట్టలతో కలపొద్దని, కంఫర్ట్ లాంటివి వేయొద్దని కూడా చెప్పు. వేస్తే గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. కింద పడిన గుడ్డ మళ్లీ బండికి పెట్టొద్దు, ఉతికాకే.

మియాపూర్_ఖమ్మం (మూడు నెలల తర్వాత)

ఒక మంచి, ఒక చెడు.

మంచి: చిట్యాల దాటాక కంకర లారీ వెనక నుంచి రాయి లేచి బోనెట్ మీద టక్కున తగిలింది. గుండె జారిపోయింది. పక్కకు తీసి చూస్తే ఫిల్మ్ మీద తెల్లటి చిన్న గుంట, కింద నలుపు అలాగే ఉంది. షాపులో చూపిస్తే పెయింట్‌కి ఏమీ కాలేదు, ఆ ముక్క ఇప్పుడే మార్చక్కర్లేదన్నారు.

చెడు: శుక్రవారం ఆఫీసులో బండి పెట్టి ఊరికి బస్సులో వెళ్లాను. సోమవారం వచ్చేసరికి టాప్ మీద పావురాల రెట్ట, మూడు రోజుల ఎండలో ఎండిపోయి ఉంది. అక్కడ ఫిల్మ్ లేదు, సిరామిక్ మాత్రమే. గోకకుండా తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి మెత్తబడ్డాకే తీశాను. అయినా రూపాయి బిళ్లంత రింగు ఉండిపోయింది, వెనిగర్ నీళ్లకు కూడా పోలేదు. ఒక వైపు నుంచి చూస్తే తెలుస్తోంది. దాన్ని ఏం చేయాలి?

విజయవాడ_పాలిష్

అది మరక కాదు, ఆమ్లం క్లియర్ కోట్‌ను కొంచెం తిన్నది, అందుకే వెనిగర్‌కి పోదు. లోతు లేకపోతే ఒక్కోసారి వేడికి పెయింట్ సర్దుకుని రింగు చాలావరకు కలిసిపోతుంది. ముందు వేడినీళ్లలో ముంచిన గుడ్డ రెండు మూడుసార్లు వేసి చూడండి. మరిగే నీళ్లు కాదు, చెయ్యి పెట్టగలిగే వేడి చాలు. పోకపోతే అంత మేరకే సన్నటి పాలిష్ పెట్టి, మళ్లీ అక్కడ కోటింగ్ వేయాలి. టాప్ మొత్తం మెషీన్ పెడతామంటే ఒప్పుకోకండి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కాస్త అరగదీయడమే, మీకున్నది 40 మైక్రాన్లు, పదేళ్లు రావాలి.

మియాపూర్_ఖమ్మం

వేడినీళ్ల గుడ్డ మూడుసార్లు వేశాను అన్నా. సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చే శనివారం ఎలాగూ ఖమ్మం వస్తున్నాను, ఆదివారం అక్కడి నుంచి విజయవాడ వచ్చి మీకే చూపిస్తాను. షాపు ఉంటుందా?

విజయవాడ_పాలిష్

ఉంటుంది. 9 లోపు రండి, బండి చల్లగా ఉండగానే మీటర్ పెట్టి కొలిచి, అప్పుడు పాలిష్ పెట్టాలో వద్దో చూద్దాం. దారిలో ఎక్కడా కడిగించొద్దు, దుమ్ముతోనే తీసుకురండి.